గడగడా చదువుతారు, అడిగితే చెప్పలేరు: ఏడో తరగతికి ఏం చేయాలి?

ఆదోని_తెలుగు

నమస్తే అందరికీ. ఆదోని దగ్గర హైస్కూలు, ఏడో తరగతి, 34 మంది. తెలుగు పీరియడు 45 నిమిషాలు. ఒక ఇరవై మంది పాఠం గడగడా చదువుతారు, తప్పు దొరకదు. పుస్తకం మూయించి "ఏం చదివావు?" అంటే నోరు పెగలదు. పుస్తకం తెరిచి ప్రశ్న అడిగితే మాత్రం జవాబు వస్తుంది. ఎట్లంటే, ప్రశ్నలోని మాట పేరాలో ఎక్కడుందో వెతికి ఆ వాక్యం మొత్తం దించేస్తారు. అదే ప్రశ్న వేరే మాటల్లో అడిగితే మౌనం. "ఎందుకు" అని అడిగితే పేరాలో మొదటి వాక్యమే అందరి జవాబూ.

మిగతా 14 మందిలో ఏడుగురు ఒత్తుల దగ్గరే ఆగిపోతారు. నలుగురి ఇళ్లలో కన్నడం. ముగ్గురు ఇంట్లోవాళ్లతో సుగ్గికి (కోతల కాలంలో కూలి పనికి వలస) పోయి వచ్చినవాళ్లు.

ఇప్పుడు జరుగుతున్నది మామూలు పద్ధతే: లైను లైనుకీ వివరణ, కఠిన పదాలకు బోర్డు మీద అర్థాలు, చివర ప్రశ్న-జవాబుల నోట్సు. పాఠంలోని ప్రశ్నలకు మార్కులు పడుతున్నాయి. అపరిచిత గద్యం ఇస్తే బండి ఆగిపోతోంది. "బాగా చదివించండి, అదే వస్తుంది" అనే సలహా మాత్రం వద్దు. ఏ రోజు ఏం చేయాలి, ఎంతసేపు చేయాలి, ఎక్కడ బెడిసికొడుతుంది, ఇవి చెప్పగలిగినవాళ్లు చెప్పండి.

---

పెన్నా_ఒడ్డు

సార్, ముందు ఈ రెండు వాక్యాలు చూడండి.

"గొంపడు దిల్లకను మొరికి జుప్పాడు. అందువల్ల వాడి బిట్టం లిక్కయింది."

దిల్లకను మొరికింది ఎవరు? గొంపడు. గొంపడు దేన్ని జుప్పాడు? దిల్లకను. బిట్టం ఎందుకు లిక్కయింది? గొంపడు దిల్లకను మొరికి జుప్పడం వల్ల. మూడుకు మూడు మార్కులు. ఇందులో ఒక్క మాటకూ అర్థం లేదు. మీ ఇరవై మంది చేస్తున్నది సరిగ్గా ఇదే. "ను" ఎక్కడుంది, "వల్ల" ఎక్కడుంది అని చూసి జవాబు అల్లుతున్నారు. మనం అడిగే ప్రశ్నలకు ఆ తెలివి చాలు కాబట్టి అంతకుమించి వాళ్లకు అవసరం పడలేదు. ఈ రెండు వాక్యాలూ క్లాసులో బోర్డు మీద రాసి జవాబులు చెప్పించండి. అందరూ కరెక్టుగా చెప్పాక, "ఇప్పుడు గొంపడు ఏం చేశాడో బొమ్మ గీయండి" అనండి. నవ్వుతారు. చదవడం వేరు, అర్థం కావడం వేరు అని ఆ నవ్వులోనే వాళ్లకు తెలుస్తుంది. ఆ తర్వాత ఏ పేరా దగ్గరైనా "ఇది గొంపడా, నిజంగా తెలిసిందా?" అని అడిగితే చాలు.

రెండో సంగతి. 34 మందికీ ఒకే మందు వేయొద్దు. పిల్లకు నాలుగైదు నిమిషాలు పట్టే రెండు పరీక్షలు పెట్టండి. రోజుకు ఐదుగురిని పిలిస్తే ఏడు పనిదినాల్లో క్లాసు పూర్తవుతుంది.

మొదటి పరీక్ష: ఐదో తరగతి స్థాయిలో, వాళ్లు ఎప్పుడూ చూడని 100 మాటల పేరా. సెల్‌ఫోన్‌లో టైమర్ పెట్టి ఒక నిమిషం పైకి చదివించండి. ఎన్ని మాటలు, ఎన్ని తప్పులు, రాసుకోండి. మిగిలింది కూడా పూర్తి చేయించి, కాగితం తీసేసుకుని "చెప్పు" అనండి. ఆ పేరాలోని ముఖ్యమైన సంగతులు ఎనిమిది ముందే మీ దగ్గర రాసి ఉండాలి. పిల్ల చెప్పినకొద్దీ టిక్కు పెట్టండి. మధ్యలో అందించొద్దు, "ఇంకా?" అని ఒక్కసారి అడగొచ్చు, అంతే.

రెండో పరీక్ష: అదే స్థాయిలో ఇంకో పేరా మీరు చదివి వినిపించండి. మళ్లీ ఎనిమిదికి ఎన్ని చెప్పారో చూడండి.

విన్నప్పుడు ఆరు, చదివినప్పుడు రెండు వస్తే ఇబ్బంది అక్షరాల దగ్గర. విన్నా రెండే, చదివినా రెండే అయితే ఇబ్బంది భాష దగ్గరో, ఆ విషయం తెలియకపోవడం దగ్గరో ఉంది. విన్నా ఆరు, చదివినా ఆరు వచ్చి పరీక్ష పేపరులో సున్నా వస్తే, ఆ పిల్లకు ప్రశ్న అర్థం కావట్లేదు, లేదా రాయడం రావట్లేదు. మూడింటికీ మూడు వేరు వేరు పనులు. గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో దీన్ని లెక్కలా చెప్పారు: చదివి గ్రహించడం అంటే అక్షరాన్ని మాటగా మార్చే శక్తిని, విని గ్రహించే శక్తితో గుణిస్తే వచ్చేది. కూడిక కాదు, గుణకారం. ఒకటి సున్నా అయితే రెండోది ఎంత ఉన్నా సున్నాయే.

వేగం గురించి. 2021లో మొదలైన నిపుణ్ భారత్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం మూడో తరగతి చివరికి నిమిషానికి కనీసం 60 మాటలు అంటుంది. తెలుగులో "వెళ్లిపోతున్నాడనుకున్నారు" కూడా ఒక్క మాటే కాబట్టి ఆ అంకె పట్టుకుని పిల్లల్ని పరుగులు పెట్టించొద్దు. తప్పుల లెక్కే పనికొస్తుంది. నూరు మాటలకు ఐదు లోపు తప్పులుంటే ఆ పేరాతో పాఠం చెప్పొచ్చు. పది దాటితే అది ఆ పిల్లకు మోయలేని బరువు, ఒక మెట్టు దిగాల్సిందే.

మీ ఏడుగురికి రోజూ ఒక 15 నిమిషాలు విడిగా కావాలి. అన్ని ఒత్తులూ మళ్లీ మొదటినుంచి దిద్దించడం దండగ. త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరాన్ని పోలి ఉండవు, ఎక్కువమంది తట్టుకునేది అక్కడే. ఆ ఆరింటి మాటలు రోజుకు పది, ఆ మాటలున్న నాలుగు వాక్యాలు. విడి మాటలు చదివించి వదిలేస్తే వాక్యంలో మళ్లీ ఆగుతారు.

---

బుడ్డలచేను

పెన్నా సార్ చెప్పిన రెండో రకం పిల్లల గురించి నేను రాస్తా. ఇంగ్లిషులో వచ్చిన పద్ధతులన్నీ తెచ్చి దించుతాం గానీ, తెలుగు వాక్యం పిల్లవాణ్ని ఎక్కడ పడేస్తుందో చూడం.

మన వాక్యంలో కారణం, షరతు, అడ్డంకి అన్నీ క్రియ తోకలో ఉంటాయి. పిల్లలు తోక మింగి చదువుతారు. బోర్డు మీద ఇవి రాయండి:

వాన పడితే...
వాన పడినా...
వాన పడక...
వాన పడేలోపు...
వాన పడినందువల్ల...
వాన పడిందని...

ఒక్కోదాన్ని పూర్తి చేయమనండి. "వాన పడితే బుడ్డలు (వేరుశనగ) విత్తుతాం" వరకు ఎవరైనా రాస్తారు. "పడినా" దగ్గర తేలిపోతారు; "వాన పడినా బుడ్డలు విత్తినారు" అని రాసేవాళ్లు చాలామంది ఉంటారు. ఆ "నా" అనుకున్నదానికి అడ్డం తిరిగిందని చెబుతుంది, అది కాగితం మీద వాళ్ల కంటికి ఆనదు. నోటితో మాత్రం రోజూ వాడతారు: "పిలిచినా రాలేదు", "తిన్నా ఆకలి తీరలేదు". అందుకని ముందు వాళ్ల నోటి వాక్యాలే నాలుగు చెప్పించి బోర్డు మీద రాసి, తర్వాత పుస్తకంలోకి పోండి. "వాన పడిందని" దగ్గర రెండు దార్లున్నాయి: పడిందని ఎవరో చెప్పారు, లేదా పడిందన్న కారణంతో ఏదో చేశారు. రెండూ రాయించండి. రోజుకు ఒక్క క్రియ, ఆరు తోకలు, ఏడు నిమిషాలు. రెండు వారాలు చేస్తే చాలు.

తర్వాతది "ఎవరు?" తెలుగులో కర్తను చెప్పకుండా వదిలేయడం మామూలు. "వచ్చింది" అంటే అమ్మ కావచ్చు, ఆవు కావచ్చు, ఆర్టీసీ బస్సు కావచ్చు. "వారు" అంటే ఒక పెద్దాయన కావచ్చు, పది మంది కావచ్చు. "తను" ఎవరికి తగులుతుంది, "అని" ముందున్న మాట ఎవరిది, ఇవన్నీ చదివేవాడే పూడ్చుకోవాలి. పేరా ఇచ్చి, ఇలాంటి ప్రతి మాట నుంచీ అది చెప్పే మనిషికో వస్తువుకో పెన్సిలుతో బాణం గీయమనండి. కర్త లేని క్రియ కనిపిస్తే దాని నెత్తిన కర్త పేరు రాయాలి. మనం బోర్డు మీద బాణాలు గీస్తే వాళ్లు చక్కగా ఎక్కించుకుంటారు, పని శూన్యం. ముందు జంటలుగా గీయాలి. ఏ బాణం దగ్గర రెండు జంటలకు తేడా వచ్చిందో అది మాత్రమే బోర్డు ఎక్కాలి.

ఇంకొకటి, మూటలో మూట కట్టినట్టుండే వాక్యాలు. "నిన్న సంతలో ఆదోని వ్యాపారి కొన్న ఎద్దును అమ్మిన రైతు కొడుకు ఏడ్చాడు." ఇందులో ఎన్ని పనులు జరిగాయి? కొనడం, అమ్మడం, ఏడవడం. మూడు పనులకూ ముగ్గురు మనుషుల్ని పెట్టమనండి. ఏడ్చింది రైతు అనేవాళ్లు తప్పకుండా ఉంటారు. విప్పి రాస్తే: రైతు ఎద్దును అమ్మాడు. ఆదోని వ్యాపారి కొన్నాడు. రైతు కొడుకు ఏడ్చాడు. అమ్మింది రైతా, కొడుకా అని తగువు పెట్టుకుంటే ఇంకా మంచిది, ఆ వాక్యం రెండింటికీ చోటిస్తుంది. సైన్సు, సోషల్ పుస్తకాల్లో ఈ రకం వాక్యాలు కుప్పలు. ఆ సార్లకు కూడా చెప్పండప్పా, తెలుగు సారొక్కడే మోయాల్సిన పని కాదిది.

---

హంద్రీ_టీచరమ్మ

ఒక పీరియడు ఎలా నడపాలో పేరాతో సహా పెడుతున్నా. పేరా ఇది:

"తొలకరి వాన పడిందంటే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో జనం కనిపిస్తారు. వాళ్ల చేతుల్లో గొర్రూ ఉండదు, గుంటకా ఉండదు. తలలు వంచుకుని నేలవైపే చూస్తూ అడుగులో అడుగు వేస్తుంటారు. కొందరు దూరం ఊళ్ల నుంచి చద్ది కట్టుకుని వచ్చినవాళ్లు. పొలం గలవాళ్లు గట్టు మీద నిలబడి అరుస్తుంటారు. విత్తనం వేసే అదను దాటిపోతోందని వాళ్ల బాధ. మధ్యాహ్నానికి ఎండ మాడుస్తుంది. అయినా ఒక్కరూ కదలరు."

ఏ4 కాగితంలో రెండు పేరాలు పడతాయి. జంటకు ఒకటి చొప్పున 17 కావాలి, తొమ్మిది కాగితాలు. జిరాక్సు వీలు కాకపోతే బోర్డు మీద రాయండి, కానీ వెనక బెంచీకి కనపడాలంటే 50 మాటలకు మించొద్దు.

జంటలు ఇట్ల వేయండి: చదువులో వరస ప్రకారం 1 నుంచి 34 దాకా పేర్లు రాసుకుని 1ని 18తో, 2ని 19తో, అలా 17ని 34తో కలపండి. మొదటివాణ్ని చివరివాడితో కూర్చోబెడితే మొదటివాడే అంతా చేసేస్తాడు. వరస జాబితా మాత్రం పిల్లల కంటపడొద్దు. ఒకరి తర్వాత ఒకరు లేచి తలా రెండు లైన్లు చదివే పద్ధతి ఇక ఆపేయండి. తన వంతు ఏ లైనుకొస్తుందో లెక్కపెట్టుకోవడంలోనే పిల్లవాడి బుర్ర అంతా ఉంటుంది. తన లైను అయిపోయాక కిటికీలోంచి చూస్తుంటాడు.

మొదటి 4 నిమిషాలు: పేరా ఇవ్వకముందు ఒకే ప్రశ్న, "తొలకరి పడితే మీ ఊళ్లో ఎవరెవరు పొలానికి పోతారు, ఎందుకు?" అంతే. చాలామంది ఇక్కడే పేరా కథంతా చెప్పేస్తారు. చెప్పేస్తే పిల్లవాడికి చదవాల్సిన పనేముంది? కొత్త మాటలకు అర్థం ముందే చెప్పాలంటే మూడు మించొద్దు, అవీ తెలియకపోతే పేరా కూలిపోయే మాటలే కావాలి. ఈ పేరాలో "అదను" ఒక్కటి చాలు. అది కూడా మీరు చెప్పకండి, సేద్యం ఉన్న ఇళ్ల పిల్లల్ని అడగండి.

తర్వాత 6 నిమిషాలు: మొదటి మూడు వాక్యాలు మీరు చదువుతూ మీ బుర్రలో నడిచేది పైకి అనండి. "చేతుల్లో గొర్రు లేదంట, గుంటక లేదంట. పొలంలో ఉన్నారు, సేద్యం చేయట్లేదు. మరి ఎందుకొచ్చినట్టు? నాకు తెలీలేదు. ముందుకు పోయి చూస్తా." దీన్ని వివరణగా మార్చేయడం మనకు అలవాటు. వివరణలో టీచరుకు అన్నీ తెలుసు. ఇక్కడ టీచరు ఆగాలి, తికమక పడాలి, వెనక్కి పోయి మళ్లీ చదవాలి. అర్థం కానప్పుడు ఏం చేయాలో పిల్లలు చూసేది ఈ ఒక్క చోటే.

తర్వాత 10 నిమిషాలు జంటలు చదువుతాయి. పేరాలో రెండు చోట్ల పెన్సిలు గీత పెట్టించండి. గీత దగ్గర చదివినవాడు ఆగి, పక్కవాడు పేరా చూడకుండా "ఇప్పటిదాకా ఏమైంది" చెప్పాలి.

అసలు పని తర్వాతి 15 నిమిషాల్లో. జవాబు చెప్పేముందు, అది ఎక్కడ దొరుకుతుందో చెప్పాలి. నాలుగు రకాలు: వేలు పెట్టి చూపొచ్చు, రెండు మూడు చోట్ల ఏరాలి, రాయలేదు గానీ తెలుస్తుంది, పేరాతో పని లేకుండా సొంతంగా చెప్పొచ్చు. 1980లలో టాఫీ రాఫెల్ అనే పరిశోధకురాలు పెట్టిన విభజన ఇది, పేర్లు మాత్రం పిల్లల నోటికి తగ్గట్టు మార్చా. మొదటి రెండు రోజులు జవాబులే అడగొద్దు, రకం చెప్పించండి చాలు. మీరన్నట్టు వాక్యం దించే అలవాటు తెగేది ఇక్కడే. అన్ని ప్రశ్నలూ వేలు పెట్టే రకమే అనుకుంటున్నారు కాబట్టే దించుతున్నారు.

జనం ఎప్పుడు కనిపిస్తారు? వేలు పెట్టొచ్చు. గట్టు మీదివాళ్లకూ పొలంలో ఉన్నవాళ్లకూ తగువెందుకు? ఏరాలి. "వాళ్ల బాధ" అంటే ఏ వాళ్లు? (బుడ్డలచేను సార్ బాణం.) "అయినా" తీసేసి "కాబట్టి" పెడితే ఏం చెడుతుంది? ఇక పెద్ద ప్రశ్న: వాళ్లు ఏం వెతుకుతున్నారు? పేరాలో "వజ్రం" అన్న మాటే లేదు. మన కర్నూలు పిల్లలు ఒక్కసారిగా అరుస్తారు. అక్కడితో వదలొద్దు. "ఏ మాట చూసి చెప్పావు?" అని అడగండి. పనిముట్లు లేవు, అంటే సేద్యం కాదు. నేలవైపు చూస్తున్నారు, అంటే వెతుకుతున్నారు. దూరం నుంచి వచ్చారు, ఎండకు కూడా కదలడం లేదు, అంటే దొరికేది చాలా విలువైనది. ఊళ్ల పేర్లు ఆఖరి ఆధారం. "మా మామ కూడా పోయినాడు" అన్న పిల్లకు శభాష్ చెప్పి, "పేరాలో ఆధారం చూపు" అనండి. వాన పడ్డాకే ఎందుకు? పైమట్టి కొట్టుకుపోయి రాళ్లు బయటపడతాయి. ఇది పేరాలో లేదు, ఎవరికి తెలుసో వాళ్లు చెప్పాలి.

చివరి 10 నిమిషాలు రాత. కాగితం బోర్లా పెట్టి, పేరా సారం 12 మాటల్లో. మాటలు లెక్కపెట్టి పక్కన అంకె వేయాలి. పేరాలోని వాక్యం ఉన్నదున్నట్టు వస్తే సున్నా. మొదట్లో "వజ్రాల గురించి చెప్పారు" అని రాస్తారు. అది శీర్షిక, సారం కాదు. "ఎవరి గురించి? వాళ్లకు ఏమైంది?" రెండూ ఉన్నాయా అని అడిగితే దారికొస్తారు.

---

కడపగడప

మేడం చెప్పినదానికి కొనసాగింపు. నాలుగైదు వారాలు పోయాక టీచరు చేసే పనిని పిల్లల చేతికివ్వాలి. పాలిన్‌సర్, బ్రౌన్ అనే పరిశోధకులు 1984లో అచ్చుకెక్కించిన పద్ధతి దీనికి బాగుంటుంది. వాళ్లు పెట్టుకున్నది కూడా ఏడో తరగతి పిల్లల్నే, అందులోనూ చదవడం వచ్చి అర్థం కానివాళ్లనే. నలుగురి గుంపులో నాలుగు పనులు: ముందేం రాబోతోందో ఊహించడం, ప్రశ్న వేయడం, అర్థం కానిది తేల్చడం, సారం చెప్పడం. ఒక్కో ముక్క చదివాక నలుగురూ తమ పని చేస్తారు, తర్వాతి ముక్కకు పనులు మారతాయి. 34 మంది అంటే నలుగురివి ఏడు గుంపులు, ముగ్గురివి రెండు. ముగ్గురున్న గుంపులో ఊహించడం అందరిదీ.

వారానికి ఒక పని మాత్రమే నేర్పండి. నాలుగూ మొదటి రోజే చీటీల మీద రాసి పంచితే అది నాటకం అయిపోతుంది. సందేహాలు తేల్చేవాడు "నాకేం సందేహం లేదు" అంటాడు, ఊహించేవాడు నోటికొచ్చింది అంటాడు, గుంపు మూడు నిమిషాల్లో "అయిపోయింది సార్" అని చేతులు కట్టుకుంటుంది. దానికి రెండు నిబంధనలు పెట్టండి. సందేహం ఒకటైనా తేవాలి, తనకు లేకపోతే "చిన్న తరగతి పిల్లకు ఎక్కడ ఆగుతుంది?" అన్నది చెప్పాలి. ఊహకు "ఎందుకంటే" తగిలించాలి, ఆ ఎందుకంటే పేరాలోంచి రావాలి. ప్రశ్న వేసేవాడు కనీసం ఒకటి "రాయలేదు గానీ తెలుస్తుంది" రకం వేయాలి. పదో తరగతి పేపరులో పేరా ఇచ్చి ప్రశ్నలు తయారుచేయమనే రకం ఉంటుంది కదా, దానికి సాధన ఇక్కడే అయిపోతుంది.

టీచరు తిరుగుతూ ఒక్కో గుంపు దగ్గర రెండు నిమిషాలు నిలబడితే చాలు. జవాబు సరిదిద్దొద్దు, "ఆ మాట ఎక్కడుంది?" అని మాత్రం అడగండి.

---

గుత్తికోట

అందరూ బాగా రాశారు. నాకు మాత్రం ఒక అభ్యంతరం ఉంది. ఈ ఊహించు, ప్రశ్నించు, సారం చెప్పు కసరత్తుకు నాలుగైదు వారాలు చాలు. ఏడాది పొడుగునా అదే చేయిస్తే పిల్లలకు కసరత్తు వస్తుంది, చదువు రాదు. ఒక దశ దాటాక పేరా అర్థం అవుతుందా లేదా అన్నది ఆ విషయం ఎంత తెలుసు అన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. రెక్ట్, లెస్లీ అనేవాళ్లు 1988లో బేస్‌బాల్ ఆట మీద ఒక కథనం ఇచ్చి చూశారు. చదవడంలో వెనకబడినా ఆట తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగి ఆట తెలియనివాళ్లకంటే బాగా చేశారు. హంద్రీ మేడం పేరానే తీసుకోండి. "ఏం వెతుకుతున్నారు" అన్న ప్రశ్నకు మన పిల్లలు అరిచి చెబుతారు, అదే పేరా మచిలీపట్నంలో ఇస్తే ఎంతమంది చెబుతారు? మన పిల్లలకు ఓడరేవు మీద పేరా ఇస్తే అదే గతి. చదవడం రాలేదని మార్కులు కోస్తాం, రానిది సముద్రం.

కాబట్టి రోజుకో విషయం మీద పేరా ఇవ్వడం మానండి. రెండు వారాలు ఒకే విషయం, ఐదారు పేరాలు. ఉదాహరణకు తుంగభద్ర. మొదటిది నది, మంత్రాలయం, కృష్ణలో కలవడం. రెండోది డ్యాం. మూడోది సుంకేసుల బ్యారేజీ, కె.సి. (కర్నూలు-కడప) కెనాల్. నాలుగోది వరదల రోజుల్లో పేపరులో వచ్చే వార్త. ఐదోది ఆయకట్టు చివరి రైతుకు నీళ్లు అందని సంగతి. ఎగువ, దిగువ, ఆయకట్టు, క్యూసెక్కు, టీఎంసీ అన్న మాటలు మొదటి పేరాలో రాళ్లలా తగులుతాయి. నాలుగో పేరాకు ఎవరూ అర్థం అడగరు. క్యూసెక్కు అంటే సెకనుకు పారే ఘనపుటడుగు, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు నిలవున్న నీళ్లు. పారేదీ నిలవుండేదీ తేడా ఒకసారి తెలిస్తే వార్త తనంతట తానే విప్పుకుంటుంది. అదే వార్తను మొదటిరోజే ఇచ్చి ప్రశ్నలు వేస్తే పిల్లలు మళ్లీ గొంపడి దగ్గరికే పోతారు.

ఒక పేజీలో ఇంగ్లిషు, పక్క పేజీలో తెలుగు ఉండే సైన్సు, సోషల్ పుస్తకాలున్నాయి కదా. తెలుగు పేజీ మీద సారం చెప్పించాకే ఇంగ్లిషు పేజీకి పోండి. రెండూ ఒకేసారి వాక్యం వాక్యం కలిపి చదివిస్తే రెండూ పోతాయి.

---

హంద్రీ_టీచరమ్మ

గుత్తికోట సార్, ఒకే విషయం మీద వరస పేరాలు అన్నదానికి నేనూ ఒప్పుకుంటా. కానీ బాణాలు, తోకలు మాత్రం నాలుగు వారాలతో ఆపే పని కాదు. అవి విషయం మీద ఆధారపడవు.

---

ఆదోని_తెలుగు

చాలా థ్యాంక్స్ సార్, మేడం. ఇంకో నాలుగు సందేహాలు. సిలబస్ మధ్యలో ఇది ఎక్కడ ఇరికించాలి? కన్నడం ఇళ్ల పిల్లలకు వేరే ఏమైనా చేయాలా? సుగ్గి నుంచి వచ్చినవాళ్లను ఎక్కడి నుంచి పట్టుకోవాలి? ఇంకా, పేరాలు ఎక్కడ దొరుకుతాయి, గైడ్లలోవి పనికొస్తాయా?

---

పెన్నా_ఒడ్డు

వారానికి రెండు పీరియడ్లు బయటి పేరాకు, మిగతావి పాఠానికి. పాఠం చెప్పేటప్పుడు లైను లైనుకీ వివరణ తీసేసి బాణాలు, ప్రశ్న రకాలు పెడితే ఆ రెండు పీరియడ్ల సమయం అక్కడే మిగులుతుంది.

కన్నడం పిల్లల్లో ఒక చిక్కు ఉంది. రెండు లిపులూ దగ్గర, వాక్యం కట్టు కూడా దాదాపు ఒకటే కాబట్టి పైకి చదవడం తొందరగా పట్టేస్తారు, దాంతో వాళ్లకు అంతా వచ్చనుకుంటాం. రెండు పరీక్షల్లోనూ వాళ్లను కన్నడంలో చెప్పనివ్వండి. కన్నడంలో ఆరు చెప్పి తెలుగులో రెండు చెబితే, అర్థమైంది గానీ మాటలు లేవు. క్లాసులో కన్నడం తెలిసిన ఇంకో పిల్లను పక్కన పెట్టండి. ముందు కన్నడంలో సారం, తర్వాత అదే తెలుగులో.

సుగ్గి పిల్లలకు పోయిన పాఠాలన్నీ ఒక్కసారి ఎక్కించడానికి పోవద్దు. రాగానే రెండు పరీక్షలూ పెట్టి, జంటలో కూర్చోబెట్టండి. మొదటి వారం పేరాలు మిరప కోత, పత్తి తీత మీద ఇవ్వండి. గుంటూరు వైపు చేలలో వాళ్లు చూసి వచ్చిన పనులు అవి. గుంపులో సందేహాలు తేల్చే పని వాళ్లకే ఇవ్వండి. తాలుకాయ అంటే ఏమిటో చెప్పాల్సి వస్తే మిగతావాళ్లంతా వాళ్ల వైపు తిరుగుతారు.

ఎనిమిది వారాలకు ఒకసారి మళ్లీ కొలవండి, అదే స్థాయి కొత్త పేరాతో. పాత పేరాతో కొలిస్తే జ్ఞాపకం బయటపడుతుంది.

---

బుడ్డలచేను

పేరాల సంగతి. గైడ్లలోవి చాలావరకు వేలు పెట్టే ప్రశ్నల కోసమే అల్లినవి. పేపరులో జిల్లా పేజీ మేలు, 90 మాటలకు కుదించుకోండి. కుదించేటప్పుడు అందరం చేసే తప్పు ఒకటుంది. "కాలువకు గండి పడడంతో నీళ్లు చేలల్లోకి వచ్చి ఉల్లి కుళ్లిపోయింది" అన్న వాక్యాన్ని సులువు చేద్దామని "కాలువకు గండి పడింది. నీళ్లు చేలల్లోకి వచ్చాయి. ఉల్లి కుళ్లిపోయింది" అని మూడు ముక్కలు చేస్తాం. చూడ్డానికి చిన్న వాక్యాలే. కానీ "పడడంతో", "వచ్చి" పోయాయి, కారణం పోయింది. ఇప్పుడు ఉల్లి ఎందుకు కుళ్లిందో పిల్లవాడే ఊహించుకోవాలి, బలహీనంగా ఉన్నవాడికి అదే కష్టం. ముక్కలు చేయండి, పర్లేదు. ముక్కల మధ్య "దాంతో", "అందువల్ల" మాత్రం ఉంచండి.